నాలుగో వైపు

నేను ఒక చెక్కపలకను. చిన్న మంచమంత ఉంటాను. ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుంటే తప్ప కదలను. ఫిలడెల్ఫియా నగరంలో, దక్షిణపు పేటలో, ఒక ఇటాలియన్ హోటలు గోడకు నన్ను మేకులు కొట్టి నిలబెట్టారు. కింద చిన్న అట్ట మీద ‘పాతకాలపు రొట్టెల పలక’ అని రాసి పెట్టారు. నా మీద ఎవరూ ఏనాడూ రొట్టె చేయలేదు. అయినా వచ్చినవాళ్ళందరూ ఆ అట్ట చదివి, తలూపి, నా పక్కన నిలబడి ఫొటోలు దిగి వెళుతుంటారు. మనుషులకు పాత సామాను మీద ప్రేమ అది పనికిరాకుండా పోయాకే పుట్టుకొస్తుంది. పనికొచ్చినన్నాళ్ళూ నన్ను గీకినవాళ్ళే గాని ఫొటో తీసినవాళ్ళు లేరు.

నేను నిజానికి పియానో కావలసినదాన్ని. ఈ ఊళ్ళోనే ఒక పియానోల కార్ఖానాలో మేపుల్ చెక్కలు కోసేవారు. కోశాక చూస్తే నాలో ముడి ఉంది. ముడి ఉన్న చెక్క పాట పలకదట. పొయ్యిలోకి పనికొస్తుందని పక్కన పడేస్తే, అక్కడ పనిచేసే పాన్ఫిలో అనే ఇటలీవాడు మేస్త్రీని బతిమాలి నన్ను అడిగి తీసుకున్నాడు. ముక్కలు ముక్కలుగా ఉన్న నన్ను తాడుతో కట్టి వీపు మీద వేసుకుంటే ట్రాము కండక్టరు ఎక్కనివ్వలేదు. మంచులో అంత దూరమూ నడిచే తెచ్చాడు. దారిలో నన్ను తిట్టుకున్నాడు కూడా. ఇంటికొచ్చాక మాత్రం ముక్కలన్నీ అతికించి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది, నన్ను అద్దంలా చేసి కొత్త పెళ్ళాం ముందు పెట్టాడు. లొరేతా అరచెయ్యి నా మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా పోనిచ్చి, ముల్లు గుచ్చుకోవడం లేదని తేల్చుకున్నాకగాని నవ్వలేదు. ఆవిడ మెచ్చుకోలు ఎప్పుడూ అంతే, తనిఖీ అయ్యాకే.

గోడకు గోడ ఆనుకున్న ఇటుకల ఇళ్ళ వరసలో వాళ్ళది ఒకటి. ఆ పేటలో ప్రతి ఇంటికీ రెండు వంటగదులు. పైనున్నది చుట్టాలకు చూపించడానికి. అందులో పొయ్యి తళతళ మెరుస్తుంటుంది, దాని మీద పాలు కాచిన పాపాన కూడా ఎవరూ పోరు. కిందనున్న సెల్లారులోది వండుకోవడానికి. నేను కింద ఉండేదాన్ని. నాకు ఎదురుగా, పైకప్పుకు దగ్గరగా ఒక కిటికీ. అది సరిగ్గా వీధి కాలిబాట మట్టానికి ఉండేది. దానిలోంచి నాకు మనుషుల మొహాలు కనిపించేవి కావు, చెప్పులూ మాటలూ మాత్రం వచ్చేవి. ఆ పేట మొత్తాన్ని నేను చెప్పులతోనే పోల్చుకున్నాను.

ఆదివారం నా రోజు. పూజారిగారు చర్చిలో ప్రార్థన ముగించేసరికి లొరేతా రాగి గుండిగలో నీళ్ళు మరిగించి, మొక్కజొన్న రవ్వ పోస్తూ తెడ్డుతో కలుపుతుండేది. మీరు సంకటి అంటారే, అదే. వాళ్ళు పొలెంతా అంటారు. రెక్కలు పడిపోయేదాకా కలిపాక, పాన్ఫిలో గుండిగ ఎత్తి నా మీద బోర్లించేవాడు. వేడివేడి పచ్చటి సంకటి నా నాలుగు అంచుల దాకా పాకేది. దాని మీద టమాటా గుజ్జు, జున్ను తురుము. నడిమధ్యలో పంది మాంసం సాసేజీల కుప్ప. కంచాలు లేవు. నేనే కంచం. నాలుగు వైపులా నలుగురు కూర్చుని, ఎవరి అంచు నుంచి వాళ్ళు ఫోర్కుతో తవ్వుకుంటూ మధ్యకు రావాలి. అందరూ వచ్చేదాకా మాంసం ముట్టకూడదు. పక్కవాడి పొలంలోకి ఫోర్కు పోకూడదు.

మనిషి స్వభావం తెలుసుకోవాలంటే జాతకాలెందుకు, నా మీద తిననిస్తే చాలు. పాన్ఫిలో కోత కోసినట్టు అడ్డంగా, ఒక్క మెతుకు మిగలకుండా తింటూ వచ్చేవాడు. కూతురు ఎల్డా సన్నటి సందులాంటి దారి ఒకటి తవ్వుకుని నేరుగా మాంసం దగ్గర తేలేది. ఆ పిల్లకు మిగతా సంకటితో పనిలేదు. కొడుకు బెరార్దో అందరికంటే ముందు తినేసి, మధ్యలో కాపలా కాస్తున్నట్టు ఫోర్కు నిలబెట్టి, చెల్లెలిని ఏడిపిస్తూ కూర్చునేవాడు. లొరేతా తన అంచులో రెండు ముద్దలు తిని, మిగతాది కొద్దికొద్దిగా పిల్లల వైపుకి నెట్టేది. సరిహద్దు దాటకూడదన్న నియమం అమ్మలకు వర్తించదని ఆవిడ అనుకునేదో ఏమో.

ఇంకో నియమం కూడా ఉంది. నేను చెప్పబోయేదంతా దాని గురించే, కాబట్టి ఓపికగా వినండి. పాన్ఫిలో అబ్రుజ్జో కొండల్లో ఒక పల్లెలో పుట్టినవాడు. ఆ పల్లెలో, తినే వేళకు ఇంట్లో లేని మనిషి వాటా అలాగే వదిలేస్తారు. బతికున్నవాడి వాటా ఇంకొకరు తింటే వాడు ఇంటికొచ్చే దారి మూసేసినట్టట. చచ్చిపోయినవాడి వాటా మాత్రం, పోయాక వచ్చే మొదటి ఆదివారం, ఇంటిల్లిపాదీ కలిసి తినాలి. పాన్ఫిలో తండ్రి ఊళ్ళో పోయాడని కబురొచ్చినప్పుడు ఇక్కడ, సముద్రానికి ఈవల, నా మూల మీద లొరేతా ఒక వాటా వేరుగా పోసింది. నలుగురూ తిన్నారు. బెరార్దోకి అప్పుడు పళ్ళూడే వయసు. ఎందుకని అడిగాడు.

“ఇక ఆయనకి ఆకలెయ్యదురా. ఆ ఆకలి మనం తీర్చాలి,” అన్నాడు పాన్ఫిలో, కన్నీళ్ళు సంకటిలో పడుతుంటే.

పిల్లాడు బుద్ధిగా తల ఊపి తిన్నాడు. ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు ఈ సంగతి వచ్చింది.

పిల్లలు రెండు దేశాల్లో పెరిగారు. మెట్ల కింద ఇటలీ, మెట్లు ఎక్కితే అమెరికా. బడిలో టీచరమ్మకి బెరార్దో అన్న పేరు నోరు తిరగక ‘బెర్నీ’ అని మార్చేసింది. ఎల్డా మధ్యాహ్నం తినడానికి అమ్మ కట్టిచ్చిన మిరపకాయల వేపుడూ గుడ్డూ పెట్టిన రొట్టెను బడిలో ఎవరికీ కనపడకుండా ఒళ్ళో పెట్టుకుని తినేదట. నా దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ మళ్ళీ బెరార్దో, ఎల్డాలు. చలికాలం రాగానే తండ్రీ కొడుకులు పెరట్లో అంజూర చెట్టును వంచి, పాత కంబళ్ళు, గోనెసంచులు చుట్టి, పైన ఒక బకెట్టు బోర్లించి మంచు నుంచి కాపాడేవారు. ఆ చెట్టు పాన్ఫిలో ఊరి నుంచి వచ్చిన కొమ్మ. దానికి చుట్టినన్ని బట్టలు కొడుక్కి చుట్టలేదని లొరేతా దెప్పేది. ఇద్దరూ చేతులు మట్టి చేసుకుని, ముక్కులు ఎర్రగా చేసుకుని, నవ్వుకుంటూ కిందికి దిగేవారు. ఆ ఇంట్లో నవ్వు ఎలా ఉండేదో నేను మరిచిపోలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. అమెరికాకూ ఇటలీకీ పడలేదు. పాన్ఫిలో ఇన్నేళ్ళున్నా ఈ దేశపు పౌరుడు కాలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ బద్ధకించాడు. దాంతో పొద్దున్న లేచేసరికి ఆయన శత్రువైపోయాడు. ఇంట్లో రేడియో తీసుకెళ్ళి పోలీసు ఠాణాలో అప్పగించమన్నారు. ఆ రేడియోని దుప్పటిలో చుట్టి చంటిపిల్లలా ఎత్తుకుని వెళ్ళాడు. ఆ గాయం మానకముందే, బెరార్దో ఎవరూ పిలవకుండానే వెళ్ళి సైన్యంలో చేరొచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా అయింది.

కుర్రాడి లెక్క కుర్రాడికుంది. తాను సైనికుడైతే తండ్రిని ఎవరూ శత్రువనరని వాడి ఆశ. ఆ మాట తిన్నగా చెప్పి ఉంటే బాగుండేది. కాని ఆ వయసు మగపిల్లలు తిన్నగా చెప్పేదేముంది? తండ్రికి మాత్రం ఒక్కటే కనిపించింది. అక్కడ, ఆ కొండల్లో, తన తల్లి ఇంకా బతికే ఉంది. తన కొడుకు తుపాకీ పట్టుకుని ఆమె ఊరి మీదికి వెళుతున్నాడు.

వాడు బయలుదేరే ఆదివారం లొరేతా రోజూకంటే పొద్దున్నే పొయ్యి వెలిగించింది. గుండిగ బోర్లించారు. నలుగురూ కూర్చున్నారు. ఫోర్కులు పట్టీ పట్టకముందే మాటా మాటా పెరిగింది. మొదట గొంతులు, తర్వాత చేతులు నా మీద పడ్డాయి. చివరికి పాన్ఫిలో, మా అమ్మ మీద తుపాకీ ఎత్తేవాడికి నా ఇంట్లో తిండి లేదు పొమ్మన్నాడు. బెరార్దో ఒక్క ముద్దా తినకుండానే లేచాడు. సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు పాన్ఫిలో ఆ పని చేశాడు. ఫోర్కు చాచి కొడుకు వైపు సంకటిలో గుచ్చి, నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నమలడం కూడా లేదు, మింగడమే. ఎల్డా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. లొరేతా తెడ్డు పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది. ఆ ఇంట్లో దానర్థం తెలియనివాళ్ళు లేరు. ఆ మనిషి కొడుకుని అంత ద్వేషించాడా అంటే, లేదు. ద్వేషించేవాడైతే పక్కకి నెట్టేసేవాడు. కోపం వచ్చినప్పుడు మనుషులు చేతికందిన రాయి విసురుతారు. ఆయన చేతికి ఆ రోజు అదే అందింది.

బెరార్దో టోపీ మర్చిపోయాడు. దానికోసం తిరిగొచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో నాకు తెలియదు. తండ్రి తలెత్తేసరికి నోటి నిండా కొడుకు వాటా ఉంది.

“బాగుందా నాన్నా?” అని అడిగాడు బెరార్దో. వెటకారంగా కాదు, మెల్లగానే అడిగాడు. మేకు మీది టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

లొరేతా తెడ్డు పారేసి వెనకే పరిగెత్తింది. కాసేపటికి కిటికీలో నాకు రెండు జతల కాళ్ళు కనిపించాయి. పాలిష్ పెట్టిన బూట్లు, సంకటి మరకల చెప్పులు. సెల్లారులో పాన్ఫిలో రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు. ఎల్డా ఏడుస్తోంది. వాళ్ళకి వినపడలేదు. నాకు వినపడింది.

“అమ్మా, నాన్నకి చెప్పు, నాకేం కోపం లేదని. నా వాటా పైవాళ్ళెవరూ తినలేదుగా. మా నాన్నేగా తిన్నాడు. తిన్నా నేనొస్తానని చెప్పు.”

బూట్లు వెళ్ళిపోయాయి. చెప్పులు చాలాసేపు అక్కడే ఉన్నాయి.

లొరేతా కిందికి దిగాక పాన్ఫిలో ఆశగా తల ఎత్తాడు. ఆవిడ ఆయన్ని దాటి వెళ్ళి గుండిగ తోమడం మొదలెట్టింది. నన్ను గీకేటప్పుడు ఆవిడకు తనలో తాను గొణుక్కునే అలవాటు. ఆ రోజు గొణిగినదాన్ని బట్టి నాకర్థమైంది ఏమిటంటే, ఒక వారం ఉడకనీ అనుకుంది. చేసిన పనికి ఒక్క వారం లోపల్లోపల ఉడికితే అప్పుడు చెబుదామనుకుంది. ఇందులో తప్పేముంది? నేనైనా అదే చేసేదాన్నేమో.

ఒక వారం ఇంకో వారం అయింది. పాన్ఫిలో నోరు తెరిచి ఒక్కసారి తప్పయిందని అంటే ఆవిడ చెప్పేసేదే. ఆయన అనలేదు. ఆయన నోరు తెరిస్తే ఉప్పు తక్కువైందనో, బొగ్గులు అయిపోయాయనో. ఎల్డా అన్నకి ఉత్తరం రాస్తుంటే వెనక నిలబడి, అంజూర చెట్టుకి గోనెసంచి చుట్టానని రాయమనేవాడు. తండ్రులు క్షమించమని అడిగే భాష అదేనని ఆ పిల్లకి తెలియదు. బెరార్దో వైపు సంకటి ప్రతి ఆదివారమూ సాయంత్రం దాకా అలాగే ఉండేది. ఇప్పుడు దాని జోలికి పాన్ఫిలో వెళ్ళేవాడు కాదు. దాని అంచుకు ఇంత దూరంగా ఆగిపోయేవాడు.

బెరార్దోని ఇటలీకే పంపారు. కొండల్లో ఎక్కడో, తండ్రి పుట్టిన పల్లెకు దగ్గరలోనే పోయాడు. టెలిగ్రాం తెచ్చినవాడి సైకిలు చక్రం కిటికీలో ఆగినప్పుడు లొరేతా గిన్నెలో పిండి పిసుకుతోంది. పైన ఎల్డా చదివింది. ఆ తర్వాత పైనుంచి వచ్చిన పాన్ఫిలో గొంతు ఎలా ఉందో మీకు చెప్పలేను. చెట్టును నరికేటప్పుడు, చివర్లో పడబోయే ముందు ఒక శబ్దం వస్తుంది. నాకు తెలిసిన శబ్దాల్లో దానికి దగ్గరగా ఉన్నది అదొక్కటే. లొరేతా మాత్రం కిందే, పిండి చేతులతో, నా మీద తల వాల్చి పడిపోయింది.

ఆ ఆదివారం నియమం ప్రకారం బెరార్దో వాటా అందరూ తినాలి. లొరేతా సంకటి పోసింది. పాన్ఫిలో నా దగ్గరికి రాలేదు. మెట్ల మీద కూర్చుని ఎండు రొట్టె ముక్క చేతిలో పట్టుకున్నాడు. ఎల్డా రమ్మని పిలిచింది.

“నా వంతు నేను ముందే తినేశాను,” అన్నాడు.

ఎల్డా ఏడుస్తూ అన్న వైపు ఫోర్కు చాచింది. లొరేతా ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఆపింది. తినవద్దని చెప్పలేదు, తినమనీ చెప్పలేదు. అలా పట్టుకుని ఉండిపోయింది. ఆ వాటా ఎవరూ తినలేదు. చర్చిలో కొడుకు ఆత్మకు శాంతి ప్రార్థనలు చేయించిన మనుషులే ఇంట్లో వాడి అంచు ఖాళీ చేయలేకపోయారు.

ఇప్పుడైనా చెప్పొచ్చుగా అని నేను ప్రతి ఆదివారం లొరేతా వైపు చూసేదాన్ని. చూడటం అంటే, మాకు కళ్ళెక్కడివి, ఎదురుచూడటం. ఆవిడకు మొదట్లో కోపం. నీ నోటి దూలే వాడిని తీసుకుపోయిందన్న కోపం. కాని కోపం ఒక్కటే అయితే ఎప్పుడో చల్లారేది. వాడు ఆఖరిసారి అన్న ఆ నాలుగు మాటలూ ఇప్పుడు ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. అవే ఆవిడకు మిగిలిన కొడుకు. చెప్పేస్తే పాన్ఫిలో ఏడ్చి, తేలికపడి, రాత్రికి నిద్రపోతాడు. తనకు మిగిలేది ఏముంటుంది? ఇది తప్పని ఆవిడకూ తెలుసు. తెలిసి కూడా చేతులు విప్పలేకపోయింది. నేను ఆవిడను తిట్టలేను. ఆవిడ కన్నీళ్ళు నాలోకి ఇంకినన్ని ఎవరి దిండులోకీ ఇంకి ఉండవు.

ఏళ్ళు గడిచాయి. పాన్ఫిలో మళ్ళీ నా మీద తినలేదు. ఆదివారం వస్తే మెట్లే ఆయన స్థానం. లొరేతా మాత్రం నాలుగు వైపులా పోస్తూనే ఉంది. రెండు వైపులు తినేవారు, రెండు వైపులు పచ్చగా నిలబడి ఉండేవి. ఎల్డా ఆ రెండు గోడల మధ్య పెరిగి పెద్దదయింది. డెనిస్ అనే ఐరిష్ కుర్రాణ్ణి ప్రేమించింది. ఇంటికి తీసుకొచ్చిన మొదటి ఆదివారం, పాపం ఆ కుర్రాడికేం తెలుసు, ఖాళీగా ఉందికదా అని బెరార్దో వైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కంచం కోసం అటూ ఇటూ చూశాడు. కంచం రాదని అర్థమయ్యాక ఫోర్కు ఎత్తాడు. లొరేతా చటాలున వెళ్ళి అతని చేతిలోంచి ఫోర్కు లాక్కుంది. మొహం ఎర్రబడిన కుర్రాణ్ణి భుజాలు పట్టి లేపి, ఎల్డా పక్కన ఇరికించింది. పెళ్ళయ్యాక కూడా ఆ మొగుడూ పెళ్ళాం ఒకే అంచులో మోచేతులు తగిలించుకుని తినేవారు. అతను మంచివాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఆ పెళ్ళి తర్వాత వచ్చిన చలికాలంలో ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఇద్దరే ఉన్నారు. లొరేతా నన్ను గీకుతోంది. పాన్ఫిలో మెట్ల మీద. ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఎంతో సేపు రొట్టెముక్కను వేళ్ళతో నలిపి, పొడి చేసి, అప్పుడు అడిగాడు.

“లొరేతా. ఆ రోజు వీధిలో... వాడు నీతో ఏమన్నా అన్నాడా?”

ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ఆవిడ చేతిలో మొండి కత్తి ఆగిపోయింది. నాలో ఉన్న ప్రతి పోగూ చెప్పు, చెప్పు అంది. ఆవిడ పెదవులు కదిలాయి కూడా. కాని ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆయన అడుగుతాడు. ఆయన అడగకపోయినా ఆయన మొహం అడుగుతుంది. ఆ మొహాన్ని చూడటానికి ఆవిడకు ధైర్యం చాలలేదు. మొదట దాచింది ఆయన తప్పుకి శిక్షగా. ఇప్పుడు దాచవలసింది తన తప్పుని.

“ఏమీ అనలేదు,” అంది.

ఆయన తల ఊపాడు. తాను అనుకున్నదే అయినట్టు ఊపాడు. రొట్టెపొడి అరచేతిలోకి తీసుకుని, పెరట్లో పిచ్చుకలకు వేయడానికి వెళ్ళిపోయాడు. లొరేతా ఆ రోజు నన్ను ఎంత గట్టిగా గీకిందంటే, నా మీద ఇప్పటికీ కనిపించే లోతైన గాట్లు అప్పటివే. హోటలుకి వచ్చేవాళ్ళు వాటిని వేలితో తడిమి, ఎంత పాతదో చూడమంటారు.

ఆ తర్వాత ఆయన మరి అడగలేదు. ఆవిడ మాత్రం చెప్పడానికి ముహూర్తాలు పెట్టుకుంటూ వచ్చింది. పండగకి చెబుదామనుకునేది, వాడి పుట్టినరోజుకి చెబుదామనుకునేది, మొగుడు కార్ఖానా పని మానేసి ఇంట్లో కూర్చున్నాక తీరిగ్గా చెబుదామనుకునేది. ఆయన పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. తీరిక బోలెడంత వచ్చింది. ఒకరి దగ్గు ఒకరికి వినిపిస్తూ, ఒకరి మందులు ఒకరు అందిస్తూ, ముసలి మొగుడూ పెళ్ళాల్లా బతికారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పి వస్తే ఆయన నూనె రాసేవాడు. ఆయనకి జలుబు చేస్తే ఆవిడ వెల్లుల్లి చారు కాచేది. ఇంత దగ్గరగా ఉన్నవాళ్ళు ఒక్క మాట చెప్పుకోలేకపోవడం నాకు వింతగానే ఉండేది. చెక్కముక్కను, నాకు వింతగా ఉంటే ఏం లాభం?

ముసలితనంలో పాన్ఫిలోకి మతిమరుపు పట్టుకుంది. మొదట పేర్లు పోయాయి. ఎల్డాను చూసి తన చెల్లెలనుకునేవాడు. ఎప్పుడో మూతబడిన కార్ఖానాకి ఆలస్యమైపోతోందని కోటు వేసుకుని వీధిలోకి వెళితే, రొట్టెల దుకాణంవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. ఎల్డా వాళ్ళు నది అవతల న్యూజెర్సీలో ఇల్లు కట్టుకున్నారు. ఇద్దరినీ తనతో వచ్చెయ్యమని ప్రతివారం అడిగేది. లొరేతా చూద్దాంలే అని దాటేసేది. మొగుడి మతి ఒక్కో గదీ దీపం ఆర్పుకుంటూ పోతోందని ఆవిడకు తెలుసు. ఆ మాట చెప్పడానికి ఇంకా ఎక్కడైనా ఒక దీపం మిగిలి ఉందేమోనని వెతుక్కునేది. ఇవాళ కాదు, బాగా తెలివిగా ఉన్న రోజు చూసి అనుకునేది. తెలివిగా ఉన్న రోజున మళ్ళీ భయం.

ఒక ఆదివారం మంచు బాగా పడి, ఎల్డా వాళ్ళు వంతెన దాటి రాలేకపోయారు. లొరేతా ఇద్దరికే అయినా అలవాటు కొద్దీ గుండిగ నింపింది. మోకాళ్ళ నొప్పితో కుంటుతూ, విడతలు విడతలుగా గరిటెతో తోడి నా నాలుగు వైపులా పోసింది. టమాటా గుజ్జు వేసింది. మధ్యలో సాసేజీలు పెట్టింది.

అప్పుడు పాన్ఫిలో మెట్లు దిగాడు. ఎప్పటిలా మెట్ల మీద ఆగలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నది బెరార్దో వైపు. ఫోర్కు తీసుకున్నాడు. ఆకలిగా ఉన్న పిల్లాడిలా, ఆవిరి ఊదుకుంటూ తినడం మొదలెట్టాడు.

లొరేతా చేతిలో గరిటె అలాగే ఉంది. ఇన్నేళ్ళుగా ఆయన మళ్ళీ నా మీద తినే రోజు కోసమే నేను బతికాను, ఆవిడా బతికింది. ఆ రోజు వచ్చింది. ఆయన బుగ్గల నిండా సంకటి పెట్టుకుని నవ్వుతున్నాడు. అంచు నుంచి కోత కోసినట్టు కాదు, ఇష్టమొచ్చినట్టు, అటూ ఇటూ, సరిహద్దులు తెలియకుండా తింటున్నాడు. గడ్డం నిండా గుజ్జు.

“బాగుంది,” అన్నాడు. “ఇది ఎవరిది? తినొచ్చా?”

“తిను,” అంది లొరేతా. “నీదే.”

ఆవిడ గరిటె కింద పెట్టి, ఆయన పక్కనే, ఆ ఒక్క అంచులోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన గడ్డం తన నడుముకు కట్టుకున్న వంటగుడ్డతో తుడిచింది. ఆయన మొహాన్ని రెండు చేతులతో తన వైపు తిప్పుకుంది.

“పాన్ఫిలో, విను. బెరార్దో ఆ రోజు వెళుతూ వెళుతూ ఒక మాట చెప్పాడు. నాన్న మీద కోపం లేదన్నాడు. నా వాటా మా నాన్నేగా తిన్నాడు, పైవాళ్ళు కాదుగా అన్నాడు. తిన్నా తానొస్తానని చెప్పమన్నాడు. నేనే నీకు చెప్పలేదు. వింటున్నావా? నేనే చెప్పలేదు.”

ఆయన నమలడం ఆపి శ్రద్ధగా విన్నాడు. కనుబొమలు ముడిచి ఆవిడ పెదవుల వైపే చూశాడు. నాకు ఒక్క క్షణం ఆశ కలిగింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం కంటే ఎక్కువే కలిగింది. తర్వాత ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. పక్కింటి కుర్రాడి మంచితనం గురించి ఎవరో చెబితే ఊపినట్టు.

“మంచి పిల్లాడు,” అన్నాడు. “ఎవరబ్బాయి?”

లొరేతా చేతులు ఆయన చెంపల మీద నుంచి జారి నా మీద పడ్డాయి. సంకటి ఇంకా వేడిగానే ఉంది. ఆవిడ చేతులు తీయలేదు.

“మనవాడే,” అంది.

“అలాగా,” అని పాన్ఫిలో సంతోషించాడు. మళ్ళీ ఫోర్కు అందుకుని, బెరార్దో అంచులో మిగిలిన ఆఖరి ముద్దను ఊదుకుంటూ అన్నాడు. “అయితే వచ్చే ఆదివారం భోజనానికి రమ్మను.”

లొరేతా రమ్మంటానంది.